రైలు కట్ట అవతలి నేల

వెస్టర్‌హావెన్, హాలండ్
6 మే 1990

చిన్నాన్న హద్దూకు సలాం.

ఇక్కడ నాన్న, మీ కోడలు యామ్నా, పిల్లవాడు బాగున్నారు. "ముందు హద్దూకు రాయి, ఆ తర్వాతే ఎవరికైనా" అని నాన్న పట్టుబట్టాడు. అందుకే రాస్తున్నాను. ఒకటో తారీఖున ఈ ఊరి నగరసభలో సభ్యుడిగా కూర్చున్నాను.

ఎలా గెలిచానని అడుగుతావు. పన్నెండేళ్ళుగా టీ కొట్టులో నేను చేసే పని నీకు తెలుసు. మనవాళ్ళు ఆఫీసుల నుంచి వచ్చిన కవర్లు విప్పకుండా జేబులో పెట్టుకుని వచ్చేవాళ్ళు. చదివి, జవాబు రాసి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించేవాణ్ణి. పార్టీవాళ్ళు అది చూసి నా పేరు జాబితాలో ఇరవై మూడో చోట వేశారు. వాళ్ళకు వచ్చేవి పదకొండు సీట్లు. నేను గెలవాలని కాదు, గోడ మీది ఫోటోలో ఒక నల్ల మీసం కనబడాలని. కానీ ఇక్కడ ఎర్ర పెన్సిల్‌తో ఒక్క పేరు పక్కనే గుర్తు పెట్టవచ్చు. చాలా గుర్తులు పడితే జాబితాలో అడుగున ఉన్నవాడూ గెలుస్తాడు. మన రీఫ్ కొండలవాళ్ళంతా వరసగా వచ్చి నా పేరు పక్కనే పెట్టారు. చాలామంది ఆ పెన్సిల్ జేబులో వేసుకుని వెళ్ళిపోయారట. కింద నుంచి ఎగిరి పైకొచ్చాను.

ప్రమాణం చేసే రోజు నాన్న పై వరండాలో కూర్చుని, అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మన భాషలో గట్టిగా అడిగాడు: "ఒరే, వీళ్ళలో పెత్తనం చేసే ఖాయిద్ ఎవడ్రా?" మేయర్ నా వైపు చూశాడు. మా నాన్న మీకు శుభాకాంక్షలు చెబుతున్నాడన్నాను.

ఒక్క మాట ఇచ్చాను. ఎన్నికల ముందు మసీదులో మన ఊరి అమర్ కూతురి సంగతి వచ్చింది. మూడు వారాలకే పోయిన పసిగుడ్డు. శవాలను మన దేశం పంపే జనాజా నిధి పసిపిల్లలకు వర్తించదు. ఈ ఊరి శ్మశానంలో పెట్టెలో పెట్టి పూడ్చారు. పదేళ్ళయితే తవ్వి తీసేసి ఇంకొకరికిస్తారు, ఇక్కడి పద్ధతి అది. నేను లేచి, మనకు మన నేల తెస్తాను, ఎవరూ తవ్వని నేల, అన్నాను. అప్పుడే జనం లేచి నిలబడ్డారు. ఆ నేల తేవాలి.

నీ అన్న కొడుకు
బూజియాన్


తాలా ఉష్షెన్
7 జూన్ 1990, గురువారం సంత

అబ్బాయి బూజియాన్‌కు హద్దూ రాస్తున్నాడు.

నీ ఉత్తరం అల్లూష్ కొట్టుకు వచ్చింది. నేను విప్పకముందే సంతలో అందరికీ తెలిసింది. ఎలాగని అడగకు. ఆ రోజు అల్లూష్ నా దగ్గర టీ డబ్బు తీసుకోలేదు. మర్నాడు తమ్ముడికి హాలండ్ కాగితాలు ఇప్పించమన్నాడు. ఇప్పుడు మళ్ళీ డబ్బు తీసుకుంటున్నాడు.

ఊళ్ళోవాళ్ళు నువ్వు పంపబోయే వాటి జాబితా చెబుతున్నారు. నీళ్ళ గొట్టం, బడికి కప్పు, ఒక పాత బస్సు. "వాడు అక్కడి ఊరికి సభ్యుడురా, మనకు కాదు" అంటే "అయితే ఎవడికి లాభం?" అన్నారు.

నేనూ ఒక విడత మన గ్రామసభలో కూర్చున్నాను, నువ్వు చిన్నవాడివి. ఆరేళ్ళలో ఒక తూము వేయించాను. ఆ చలికాలమే వాగొచ్చి పట్టుకుపోయింది. ఈరోజుకీ నన్ను తూము హద్దూ అంటారు. నిన్నేమంటారో చూడాలి.

ఈసారి బార్లీ మోకాలెత్తు కూడా లేదు. బాదంచెట్లు పర్వాలేదు.

నేల సంగతి నాకు నచ్చలేదు. పసిబిడ్డలకంటే సరే. పెద్దవాళ్ళకు అక్కడ నేలెందుకు? మనవాళ్ళు అక్కడికి పనికి పోయారు, పడుకోవడానికి కాదు. మీ అమ్మ గోరీ పక్కన అన్నకు చోటుంది. నిన్నే దాని మీది ముళ్ళు కొట్టేశాను. నువ్వు పెద్దవాడివైనందుకు నేను నిన్ను బస్సూ గొట్టమూ అడగను. మా అన్నకు ఆ రోజు వచ్చినప్పుడు నా దగ్గరకు పంపు. అంతే.

హద్దూ


వెస్టర్‌హావెన్
17 నవంబర్ 1991

చిన్నాన్నకు,

ఉత్తరం ఆలస్యమైందని కోప్పడకు. వారానికి నాలుగు సాయంత్రాలు కమిటీలు. ఇక్కడ ఏ పని కావాలన్నా ముందు ఒక కమిటీ కూర్చోవాలి. అది కూర్చోవచ్చా అని ఇంకో కమిటీ చెప్పాలి. నాకు బాగా అలవాటైంది. ఒకరు అడుగుతారు, ఒకరు జవాబు చెబుతారు, గుమాస్తా రాసుకుంటాడు. రాసినది మారదు. మన సంతలోలా కాదు.

పార్టీలో నన్ను విదేశీయుల సంగతి వచ్చినప్పుడే మాట్లాడమంటారు. మొన్న మురుగు కాలువల మీద లేచాను. మా పార్టీ తరఫున పాలకవర్గంలో ఉన్న హైస్‌మాన్ అనే ఆవిడ నా చెయ్యి తట్టి, "బూజియాన్, ఇది నీ అంశం కాదు" అంది. మా వీధి కాలువే పొంగుతోంది. కూర్చున్నాను.

నేల దొరికేట్టుంది. ఊరి చివర, రైలు కట్ట అవతల, ఒక మూల. కాస్త తడినేల. పెట్టె లేకుండా కఫన్ గుడ్డలోనే పూడ్చడానికి ఈ ఏడు చట్టం ఒప్పుకుంది. గోరీలు నమాజు దిక్కుకు, కిబ్లా వైపు తిప్పడానికి కూడా ఒప్పించాను, దిక్సూచి పట్టుకుని నేనే వెళ్ళాను. ఇంకా కొన్ని షరతులు మిగిలాయి.

నువ్వు భయపడాల్సింది లేదు. ఇది పసిపిల్లలకూ, నిధిలో చేరనివాళ్ళకూ.

మనవాళ్ళకు నా మీద కోపం మొదలైంది. "ఓటు వేశాం కదా, ఇల్లేదీ?" అంటారు. పాత వీధులు పడగొడుతున్నారు, కొత్త ఇళ్ళ అద్దెలు ఎక్కువ. ఆ కూల్చివేతకు నేనూ చెయ్యెత్తాను, పార్టీ మొత్తం ఎత్తింది కాబట్టి. టీ కొట్టుకు వెళ్తే నాకు కుర్చీ ఇస్తారు, ఇచ్చి పక్క బల్లకు మారిపోతారు.

నాన్నకు దగ్గు. ఓడల కారఖానా దుమ్ము అంటున్నాడు డాక్టర్.

బూజియాన్


తాలా ఉష్షెన్
20 ఫిబ్రవరి 1992

అబ్బాయీ,

పోయిన వారం మన బెన్ అయ్యాద్ శవం వచ్చింది. జర్మనీలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు, చలికి కాళ్ళు పోయాయి. ఊజ్దా విమానాశ్రయం నుంచి బండి మీద తెచ్చాం. వాగు దగ్గర బండి దిగబడింది. అక్కడి నుంచి భుజాల మీద. నాకు డెబ్బై దగ్గర పడింది, నేనూ భుజం పట్టాను. ఎవరూ ఏడవలేదు, చాలా ఏళ్ళయింది వాణ్ణి చూసి. కానీ ఊరంతా వచ్చింది. పూడ్చాక రొట్టె, నూనె, అత్తిపళ్ళు పెట్టారు. వాడి పొలం గట్టు తగాదా కూడా అక్కడే తీరిపోయింది, పక్కవాడు తనంతట తానే వదిలేశాడు. శవం ఊరికి వస్తే అలాంటివి జరుగుతాయి.

ఇప్పుడు నీ సంగతి. వేసవిలో అమర్ వచ్చాడు. మసీదులో నువ్వు లేచి, "ఎవరి పిల్లలు ఇక్కడున్నారో వాళ్ళు ఇక్కడే పడుకోవాలి" అన్నావట. నాకు పసిపిల్లల కోసమని రాశావు. ఏది నిజం? తూము వేయించేటప్పుడు నేను కూడా వాగు ఇవతలి వాళ్ళకొకటి, అవతలి వాళ్ళకొకటి చెప్పాను. అందుకే అడుగుతున్నాను.

కాగితం మీద రాసి పంపు, అన్న శాయిబ్‌ను ఎక్కడ పూడుస్తావో. నువ్వు రాసింది మారదన్నావు కదా.

హద్దూ


వెస్టర్‌హావెన్
9 మే 1992

చిన్నాన్నకు,

అమర్ చెప్పింది నిజమే. అన్నాను. ఎందుకన్నానో కూడా విను. నా కొడుకు జకరియాకు పన్నెండేళ్ళు. మన ఊరికి రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మ గోరీ ఎక్కడుందంటే వాడికి తెలియదు. రేపు ఈ పిల్లలు ఎక్కడికి వెళ్ళి దువా చేస్తారు? అది అడిగాను. అందరికీ కోపం వచ్చింది. జనాజా నిధి పెద్ద హాజీ ఖద్దూర్ లేచి, "మా ఎముకల మీద కూడా ఓట్లు ఏరుకుంటావా కౌన్సిలర్ గారూ?" అన్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను?

కానీ మా నాన్న వేరు. ఇదిగో రాస్తున్నాను: శాయిబ్ బెన్ మొహంద్‌ను అతని తమ్ముడు హద్దూ దగ్గరకు, తాలా ఉష్షెన్‌కు పంపుతాను. బూజియాన్ బెన్ శాయిబ్ సంతకం.

ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. "బతికుండగానే నన్ను పంచుకుంటున్నారా? ఏ కాలు ఎవరిది?" అన్నాడు. తర్వాత చాలాసేపు దగ్గాడు.

బూజియాన్


తాలా ఉష్షెన్
జూన్ 1992

అబ్బాయీ,

నీ కాగితం మసీదు గురువు సీ తూహామీకి చూపించాను. చదివి, బాగుందన్నాడు. గోధుమల డబ్బాలో దాచాను, అందులోకి ఎలుకలు వెళ్ళవు. ఇక నేను అడగను.

మీ చిన్నమ్మ కీళ్ళనొప్పుల మందు అడుగుతోంది, ఆకుపచ్చ డబ్బాది.

హద్దూ


వెస్టర్‌హావెన్
24 అక్టోబర్ 1993

చిన్నాన్నకు,

నేల తెరిచి ఏడు నెలలైంది. మేయర్ రిబ్బను కోశాడు. పుదీనా టీ పోశాం. ఫోటోలు తీశారు. ఈ ఏడు నెలల్లో అక్కడ పడుకున్నది నలుగురు పసిపిల్లలు. పెద్దవాళ్ళు ఒక్కరూ లేరు. మనవాళ్ళు పదకొండు మంది పోయారు. పదకొండు మందినీ హాజీ ఖద్దూర్ విమానం ఎక్కించాడు.

హైస్‌మాన్ నన్ను గదిలోకి పిలిచింది. మర్యాదగా మాట్లాడింది. "నువ్వు అడిగావు, మేం ఇచ్చాం. ప్రతి పార్టీతో పోట్లాడి ఇచ్చాం. ఇప్పుడు పత్రికలవాళ్ళు వచ్చి ఖాళీ నేల ఫోటో తీసుకుంటున్నారు. మార్చి ఎన్నికల్లోపు అది వాడుకలో లేకపోతే బస్సుల డిపోకు ఇచ్చేయమంటారు. అప్పుడు నీ పేరు జాబితాలో ఎక్కడుంటుందో నేను చెప్పలేను" అంది.

హాజీ ఖద్దూర్ దగ్గరకు వెళ్ళాను. ఒక్క కుటుంబాన్నయినా ఒప్పించమని బతిమాలాను. టీ తాగుతూ అన్నాడు: "కొత్త బావి నీళ్ళు ముందు తవ్వినవాడు తాగాలి బూజియాన్. నీ వాళ్ళలో ఒకర్ని పెట్టు. తర్వాత మా వాళ్ళ సంగతి మాట్లాడదాం."

ఆ నలుగురు పసివాళ్ళను తలుచుకుంటే ఏమీ తోచదు. డిపో వస్తే వాళ్ళను ఎక్కడికి తీసుకుపోతారు? అమర్ భార్య ప్రతి శుక్రవారం అక్కడికి వెళ్తోంది. పాత శ్మశానం నుంచి వాళ్ళ బిడ్డను కూడా ఇక్కడికే తెచ్చారు, పదేళ్ళయ్యాక తీసేస్తారన్న భయంతో.

నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరికి గొట్టం పెట్టారు. నీ పేరు చెబితే కళ్ళు తెరుస్తాడు.

బూజియాన్


తాలా ఉష్షెన్
18 నవంబర్ 1993

బూజియాన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు రాయనిది కూడా చదివాను.

మా అన్నను ముందు పెట్టొద్దు. నీ సీటు పోతే పోనీ. నా సీటు పోయినప్పుడు నేను చచ్చిపోలేదు, మేకలు కొనుక్కున్నాను. నలుగురు పసివాళ్ళ సంగతి దేవుడు చూస్తాడు. వాళ్ళను కదిపితే ఆ పాపం నీది కాదు.

అన్నతో చెప్పు, హద్దూ బండి మాట్లాడి ఉంచాడని. ఏ రోజు ఊజ్దాకు వస్తుందో అల్లూష్ కొట్టుకు ఫోన్ చెయ్యి. మిగతాది నేను చూసుకుంటాను. నీ కాగితం నా దగ్గరుంది.

హద్దూ


వెస్టర్‌హావెన్
19 జనవరి 1994

చిన్నాన్నా,

నాన్న పదకొండో తారీఖు మంగళవారం తెల్లవారి పోయాడు. బుధవారం మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత రైలు కట్ట అవతల పూడ్చాం.

అల్లూష్‌కు ఫోన్ చేసినప్పుడు మొదటి మాట చెప్పాను. రెండో మాట చెప్పలేకపోయాను. ఉత్తరం రాస్తానని పెట్టేశాను.

నువ్వు నా మీద ఉమ్మినా సరే, జరిగింది జరిగినట్టు రాస్తాను. పోవడానికి పది రోజుల ముందు నాన్న కాస్త తేరుకున్నాడు. గొట్టం తీశారు. పులుసు తాగాడు. నేను పక్కన కూర్చుని అడిగాను. హాజీ ఖద్దూర్ మాట, డిపో మాట, పసివాళ్ళ మాట అంతా చెప్పాను. నీకు రాసిచ్చిన కాగితం మాటా చెప్పాను. "నాన్నా, నిన్ను ఊరికి పంపాలా, ఇక్కడ ఉంచాలా? నువ్వు ఏదంటే అది" అన్నాను. నాన్న నా వైపు చూసి, "నీకు ఏది సులువో అది చెయ్ రా. నా కోసం శ్రమపడకు" అన్నాడు. అవే మాటలు. నర్సు కూడా ఉంది.

నేను వాయిదా వేయలేదు, ఒత్తిడి పెట్టలేదు. అడిగాను, చెప్పాడు.

మూడు వందల మంది వచ్చారు. హాజీ ఖద్దూర్ వచ్చి నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. హైస్‌మాన్ తలకు గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడింది. వాన. గుంతలో నీళ్ళు ఊరుతుంటే మున్సిపాలిటీవాళ్ళు పంపు పెట్టి తోడారు. అది ఆగాక దించాం. నేను లోపలికి దిగి తల కిబ్లా వైపు తిప్పాను. నా కాళ్ళు మోకాలి దాకా దిగబడ్డాయి. పైకి లాగడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

మర్నాడు పత్రికలో వేశారు.

బూజియాన్


తాలా ఉష్షెన్
10 ఫిబ్రవరి 1994

శాయిబ్ కొడుకు బూజియాన్‌కు.

ఆ మంగళవారం అల్లూష్ వచ్చి అన్న పోయాడన్నాడు. ఎక్కడ పూడుస్తారని నేను అడగలేదు. ఎందుకడుగుతాను? బండి పెట్టుకుని నేనూ, సీ తూహామీ, మీ చిన్నమ్మ అన్నదమ్ములిద్దరూ ఊజ్దా వెళ్ళాం. ఇక్కడ గుంత తవ్వి వెళ్ళాం. గురువారం విమానం వచ్చింది. సామాన్ల గుమ్మం దగ్గర నిలబడ్డాం. అందులో ఒక పెట్టె ఉంది, తావురిర్త్ ఊరివాళ్ళది. కస్టమ్స్ మనిషి కాగితం చూసి, "మీది లేదు పెద్దాయనా, ఆదివారం రండి" అన్నాడు. ఎక్కడికి పోతాం? బండిలోనే పడుకున్నాం. ఆదివారం విమానంలో ఒక కుట్టుమిషను, రెండు టీవీలు దిగాయి. వాడే మళ్ళీ వచ్చి, "ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నారా?" అని అడిగాడు. లేదన్నాను. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఊరికి వచ్చాక గుంత పూడ్చాం. ఏమీ పెట్టకుండా గోరీ పూడ్చడం ఈ ఊళ్ళో నేను చూడలేదు.

ఇక నీ మాట. నువ్వు ఎన్నిసార్లు అడిగావు? ఉత్తరంలో ఒక్కసారే ఉంది. మా అన్న ఎవరింట్లోనైనా మొదటిసారి అడిగితే రొట్టె ముట్టాడా? నీకు తెలియదా? మొదటిసారి అడిగితే వద్దంటాం. రెండోసారి అడిగితే నీకెందుకు శ్రమంటాం. మూడోసారి చెయ్యి పట్టుకుని అడిగితేనే మనిషి నోరు విప్పుతాడు. అరవై ఆరులో హాలండ్ పోయేటప్పుడు నా కోటు ఇచ్చాను. చలి లేదన్నాడు. మళ్ళీ ఇచ్చాను. "నీకుండనీ" అన్నాడు. మూడోసారి నేనే తొడిగాను. స్టేషన్‌లో రైలు కదిలాక కిటికీలోంచి నా వైపు చూస్తూ బొత్తాలు పెట్టుకున్నాడు.

శ్రమపడకు అన్నాడంటే తీసుకుపో అనే. ఆసుపత్రి మంచం మీద, కొడుకు సీటు పోతుందని విన్న తండ్రి ఇంకెలా చెబుతాడు? నీ కమిటీలో అడిగినట్టు అడిగావు. గుమాస్తా రాసుకున్నాడు. అయిపోయింది.

ఇంకో సంగతి. అమర్ బావమరిది వచ్చి, ఆ నేల ముప్పై ఏళ్ళకేనంటున్నాడు. ముప్పై ఏళ్ళంటే ఏమిటి?

హద్దూ


వెస్టర్‌హావెన్
3 ఏప్రిల్ 1994

చిన్నాన్నా,

ఒక్కసారే అడిగాను. నిజం. పద్నాలుగేళ్ళ వయసులో వచ్చాను ఇక్కడికి. నువ్వు చెప్పింది నాకు తెలియకుండా పోలేదు. ఆ రోజు గుర్తుకు రాలేదు. గుర్తుకు రాకపోవడం నాకు సులువైంది. అది కూడా రాస్తున్నాను.

ఎన్నికలు ఉపవాసాల నెలలో వచ్చాయి. పార్టీ నా పేరు ముప్పై ఒకటో చోట వేసింది. హైస్‌మాన్ క్షమాపణ చెప్పింది, ఈసారి కొత్త ముఖాలు కావాలన్నారట. మనవాళ్ళు హాజీ ఖద్దూర్ అల్లుడికి ఓటు వేశారు, వేరే పార్టీ. వాడు గెలిచాడు. వాడు చెప్పిన మాట ఒకటే: "మన పెద్దల్ని మన ఊరికి పంపుదాం." నాన్న తర్వాత ఆ నేలకు పెద్దవాళ్ళెవరూ రాలేదు. భుజాలు పట్టుకున్న హాజీ ఖద్దూర్ ఇప్పుడు వీధి అవతల నుంచి సలాం చెబుతాడు. డిపో మాట మాత్రం ఆగింది. ఒక పెద్దమనిషి గోరీ ఉంది కదా.

ముప్పై ఏళ్ళ సంగతి. ఎవరూ ఎప్పటికీ తవ్వకూడదని నేను అడిగాను. కమిటీ ఒప్పుకోలేదు. ఈ దేశంలో ఎవరికీ శాశ్వతంగా నేల ఇవ్వరన్నారు. ముప్పై ఏళ్ళు, తర్వాత వారసుడు వచ్చి పొడిగించుకోవచ్చు, రాకపోతే తీసేస్తారు. ఆ రాత్రికి ఒప్పుకుంటే నేల వస్తుంది, లేకపోతే ఏమీ రాదు. చెయ్యెత్తాను. మొదట నేలైతే రానీ, వచ్చే విడతలో ఆ షరతు తీయిద్దామనుకున్నాను. అందుకే మసీదులో చెప్పలేదు. నాన్నకూ చెప్పలేదు. వచ్చే విడత లేదు.

ఆఫీసుకు వెళ్ళి కనుక్కున్నాను. మేయర్ అనుమతి ఇస్తే తీసి పంపవచ్చట. నువ్వు ఊ అను. పెట్టెతో నేనే వస్తాను. ఊళ్ళో ఎవరేమన్నా పడతాను.

బూజియాన్


తాలా ఉష్షెన్
26 మే 1994

బూజియాన్,

సీ తూహామీని అడిగాను. ఆయన రెండు రోజులు పుస్తకాలు చూసి వచ్చాడు. నేలలో పెట్టిన మనిషిని కదపకూడదన్నాడు. నీళ్ళొచ్చి కొట్టుకుపోతుంటే తప్ప. "మన కోరిక తీరడానికి ఆయన్ను లేపుతామా హద్దూ?" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఇంకోసారి ఊజ్దాలో నిలబడే ఓపిక కూడా లేదు.

వద్దు. అక్కడే ఉండనీ.

మరి ముప్పై ఏళ్ళకు వాళ్ళే తవ్వుతారంటున్నావు. మనం తవ్వకూడదు, వాళ్ళు తవ్వుతారు. ఇది ఎవరు చేసిన ఏర్పాటో నాకు అర్థం కావడం లేదు. నేను ఎలాగూ ఉండను. నువ్వు ఉంటావా? ఉండి, ఆ రోజుకు ఆ ఆఫీసుకు నడిచి వెళ్ళగలవా?

వేసవిలో రావద్దని చెప్పను. వస్తే మాత్రం ఇంట్లో దిగు, ఊళ్ళో తిరగకు. జనం ఇంకా అడుగుతున్నారు.

హద్దూ


వెస్టర్‌హావెన్
2 సెప్టెంబర్ 1994

చిన్నాన్నా,

ఈ వేసవి రాలేదు. టీ కొట్టుకు మళ్ళీ వెళ్తున్నాను. ఒకరిద్దరు కవర్లు తెస్తారు. చాలామంది ఇప్పుడు హాజీ అల్లుడి దగ్గరకు వెళ్తున్నారు, అతనికి కంప్యూటరు ఉంది.

నువ్వు అడిగినదానికి జవాబు దొరికింది. శ్మశానం ఆఫీసు నియమాలు మొత్తం చదివాను. నేను ఓటు వేసినప్పుడు అన్నీ చదవలేదు. పక్కపక్కన రెండు గోరీలు ఒకే పేరు మీద తీసుకుంటే, గడువు చివరగా పెట్టిన మనిషి నుంచి లెక్కపెడతారు. నాన్న పక్క చోటు నా పేరు మీద రాయించుకున్నాను. నాకు నలభై రెండు. డెబ్బై దాకా బతికితే నాన్నకు ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు కలుస్తాయి. ఇప్పుడే పోతే తక్కువ. అందువల్ల మన ఊళ్ళో నాకు చోటు ఉంచవద్దు. యామ్నాకు చెప్పాను. తనను మాత్రం మన ఊరికే పంపమంది, వాళ్ళ అమ్మ గోరీ పక్కకు. ఒప్పుకున్నాను.

ఫారంలో చివర ఒక గీత ఉంది, నా తర్వాత ఎవరు చూసుకుంటారో రాయాలి. జకరియా పేరు రాయబోయాను. వాడు వచ్చే ఏడు వేరే ఊళ్ళో హాస్టల్లో చేరుతున్నాడు. మొన్న తాత పేరు ఎలా రాయాలని నన్నే అడిగాడు. కలం బల్ల మీద పెట్టాను. గుమాస్తా పిల్ల మంచిది. "ఖాళీగా వదిలేసినా ఫర్వాలేదండీ, చాలామంది వదిలేస్తారు" అంది.

వదిలేసి సంతకం పెట్టాను.

బూజియాన్